పాత సైనికుల ఫోటోల్లో తుపాకీని ఎలా చదవాలి

ఏటా ఏప్రిల్ 6 దగ్గర పడిందంటే విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో కొన్ని ఫోటోలు తిరగడం మొదలవుతుంది. 1942లో ఆ రోజున జపాన్ విమానాలు మన రేవు మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ విమానాలు ర్యుజో అనే విమానవాహక నౌక నుంచి లేచాయి. ఇంతవరకూ నిజమే. కానీ ఆ కబురుతో పాటు వచ్చే ఓడ ఫోటోలో డెక్కు పక్కన ఎత్తయిన కట్టడం, దాని మీద స్తంభాలు కనిపిస్తే అది ర్యుజో అయ్యే వీల్లేదు. ర్యుజో పైభాగం మొత్తం చదును. ఓడ నడిపే గది ముందువైపున, డెక్కు కిందే ఉండేది. ఈ ఒక్క సంగతి తెలిసినవాళ్ళు ఆ ఫోటోని అరక్షణంలో పక్కన పెట్టేస్తారు. తెలియనివాళ్ళు ముందుకు పంపిస్తారు.

ఓడల సంగతి అక్కడికి ఆపి రైఫిళ్ళ దగ్గరకు వద్దాం. ఉత్తరాంధ్ర ఇళ్ళల్లో గోడకు వేలాడే పాత సైనికుల ఫోటోల్లో కనిపించేవి అవే. ఉత్తరాలు, పెన్షన్ కాగితాలు పోయినా, తాతగారు యూనిఫారంలో దిగిన ఫోటో మాత్రం ఎలాగో మిగులుతుంది. వెనక పేరుండదు, సంవత్సరం ఉండదు. అడిగితే 'మొదటి యుద్ధమో, రెండో యుద్ధమో' అంటారు. ముఖాన్ని బట్టి సంవత్సరం తేలదు. బట్టలు కొంత చెబుతాయి. రైఫిల్ ఇంకాస్త గట్టిగా చెబుతుంది, ఎందుకంటే అది కర్మాగారంలో తయారైన వస్తువు. దానిలో జరిగిన మార్పులు చాలావాటికి తేదీ దొరుకుతుంది.

అయితే ఒక నియమం ముందే మనసులో పెట్టుకోవాలి. రైఫిల్ ఒకవైపు హద్దు మాత్రమే గీస్తుంది. 'ఈ ఫోటో ఫలానా ఏడాదికి ముందుది కాదు' అని చెప్పగలదు గానీ, 'ఫలానా ఏడాది తర్వాతది కాదు' అని ఎన్నడూ చెప్పలేదు. భారత సైన్యం విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. 1857 తర్వాత ఆంగ్లేయులు భారతీయ సిపాయిలకు తమ సైనికుల కంటే ఒక తరం పాత ఆయుధాలే ఇస్తూ వచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా పాతవి వెంటనే పోలేదు. 1907 నాటి నమూనా రైఫిల్‌తోనే మన జవాన్లు 1962లో హిమాలయాల్లో చైనా సైన్యాన్ని ఎదుర్కొన్నారు. తర్వాత దశాబ్దాల పాటు అదే రైఫిల్ పోలీసు స్టేషన్లలో ఉంది. కాబట్టి చేతిలో పాత రైఫిల్ ఉందని ఫోటోని మొదటి ప్రపంచ యుద్ధంలో పడేయకూడదు. జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతాయి.

ఆ రైఫిల్ మనందరికీ తెలిసిన త్రీ నాట్ త్రీ. పూర్తి పేరు షార్ట్ మ్యాగజైన్ లీ-ఎన్‌ఫీల్డ్ మార్క్ 3. పొడవు 44.5 అంగుళాలు, మ్యాగజైన్‌లో 10 తూటాలు. కలకత్తా దగ్గరి ఇషాపూర్ కర్మాగారంలోనూ తయారయ్యేది. ఫోటోలో దాన్ని పట్టించేది ముందుగా మూతి. చెక్క మూతి దాకా వచ్చి, చివర మొద్దుగా, నిలువుగా నరికినట్టు ఒక లోహపు తొడుగుతో ఆగిపోతుంది. బ్యారెల్, అంటే తూటా వెళ్ళే గొట్టం, దాదాపు బయటికి రాదు. గురి చూసే ముందు సైటుకు రెండువైపులా చెవుల్లా రెండు రేకులుంటాయి. ఇక వెనక్కి వస్తే, బోల్టు (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) పిడి బాగా వెనగ్గా, ట్రిగ్గర్ ఉన్నచోటికి దాదాపు పైనే, కిందికి వంగి ఉంటుంది. ట్రిగ్గర్ ముందు పెట్టెలాంటి మ్యాగజైన్ కిందికి పొడుచుకొచ్చి కనిపిస్తుంది. భుజానికి ఆన్చే వెనక భాగం, అంటే బట్, దాని చెక్క వేరు, ముందు చెక్క వేరు. రెంటి మధ్యా లోహం. జర్మన్ మౌజర్ చెక్క అలా కాదు, మొదలు నుంచి చివరిదాకా ఒకటే ముక్క. పైగా దాని మ్యాగజైన్ చెక్కలోనే కలిసిపోతుంది, కిందికి పెట్టె కనిపించదు.

ఇందులో మార్క్ 3, మార్క్ 3 స్టార్ అని రెండున్నాయి. మొదటిదానికి ఎడమవైపు, ముందుచెక్క మీద ఒక చిన్న గుండ్రటి పలక, దానికో ముల్లు ఉంటాయి. చాలా దూరంలో ఉన్న గుంపు మీదికి అందరూ ఒకేసారి కాల్చడానికి పెట్టిన సైటు అది. యుద్ధంలో వేలకు వేల రైఫిళ్ళు కావాల్సి రావడంతో 1916లో మార్క్ 3 స్టార్ వచ్చింది, ఆ సైటును తీసేశారు. ఫోటోలో ఎడమపక్క స్పష్టంగా కనిపిస్తూ ఆ పలక లేకపోతే 1916 తర్వాతదని మొగ్గు చూపొచ్చు. మొగ్గు మాత్రమే, ఎందుకంటే పాత రైఫిళ్ళను మరమ్మతుకు పంపినప్పుడు కూడా ఆ సైటు ఊడదీసేవాళ్ళు. పలక ఉంటే మాత్రం అది ముందటి నమూనా రైఫిల్. ఆ రైఫిల్‌తో ఫోటో ఎప్పుడు దిగారన్నది వేరే ప్రశ్న.

దీని తోబుట్టువులను త్వరగా చూసేద్దాం. రెండో యుద్ధంలో వచ్చిన నంబర్ 4 రైఫిల్‌కు బ్యారెల్ చివర ఒక రెండు మూడు అంగుళాలు చెక్కలోంచి బయటికి వస్తుంది, వెనక సైటు బోల్టు దగ్గరకు జరుగుతుంది. 1944లో వచ్చిన జంగిల్ కార్బైన్ పొట్టిది, మూతికి గరాటా ఆకారంలో మంట కప్పే తొడుగు. ఇక 1960ల్లో ఇషాపూర్‌లో 7.62 మిల్లీమీటర్ల తూటాకు మార్చి చేసిన 2ఏ, 2ఏ1 రైఫిళ్ళు బాగా మోసం చేస్తాయి. మూతి నుంచి బట్ దాకా అచ్చం త్రీ నాట్ త్రీయే. మ్యాగజైన్ ఒక్కటే తేడా: 12 తూటాలకు చేసింది, మూలలు తేరి చతురస్రంగా ఉంటుంది. పాతదానికి ముందువైపు వాలు, వంపు ఉంటాయి. 'రెండో ప్రపంచ యుద్ధం' అని రాసిన ఫోటోలో చతురస్రపు మ్యాగజైన్ కనిపిస్తే ఆ రాసింది కొట్టేయండి.

మూతి గానీ బోల్టు గానీ సరిగా కనపడనప్పుడు పొడవు కొలవడం మంచి పద్ధతి. స్టూడియో ఫోటోల్లో రైఫిల్ బట్ కాలి పక్కన నేలకు ఆన్చి, నిలువుగా పట్టుకుని నిలబడతారు కాబట్టి ఇది తేలిక. అచ్చులో మనిషి ఎత్తు పాదం నుంచి నడినెత్తి దాకా, తలపాగా లెక్కలోకి తీసుకోకుండా, 62 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. రైఫిల్ 41 మిల్లీమీటర్లు. అది 44.5 అంగుళాల రైఫిల్ అయితే మనిషి ఎత్తు 44.5ను 62తో గుణించి 41తో భాగిస్తే వస్తుంది: దాదాపు 67 అంగుళాలు, అంటే అయిదడుగుల ఏడంగుళాలు. సరిపోయింది. అదే 49.5 అంగుళాల పాత లాంగ్ లీ-ఎన్‌ఫీల్డ్ అనుకుంటే మనిషి దాదాపు 75 అంగుళాలు, ఆరడుగుల మూడంగుళాలు అవుతాడు. అలాంటివాళ్ళు లేరని కాదు గానీ అనుమానించాల్సిందే. స్కేలు లేకుండా చూసే పద్ధతీ ఉంది. మామూలు ఎత్తు మనిషి పక్కన త్రీ నాట్ త్రీ మూతి మోచేతికి కాస్త పైన ఆగుతుంది. లాంగ్ లీ-ఎన్‌ఫీల్డ్, అంతకంటే పాత రైఫిల్ మార్టినీ-హెన్రీ చంక దాకా వస్తాయి. 1857 నాటి 55 అంగుళాల ఎన్‌ఫీల్డ్ భుజం దాకా వస్తుంది.

ఈ కొలత ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. రైఫిల్ ఏమాత్రం ముందుకు వాలినా పొట్టిగా కనిపిస్తుంది. మనిషి కంటే ఒక అడుగు ముందుగా నేల మీద ఆనితే పొడుగ్గా కనిపిస్తుంది. కెమెరాను కింద పెట్టి తీస్తే కాళ్ళు పెద్దవై, తల చిన్నదై లెక్క తప్పుతుంది. అందుకే ఫోటోలో కనిపించే ఇంకో వస్తువుతో కూడా సరిచూడాలి. రైఫిల్ మూతికి తగిలించే కత్తి, బయొనెట్, ఉంటే దాన్నే కొలవండి. 1907 నమూనా బయొనెట్ అలుగు 17 అంగుళాలు, రైఫిల్ కొలతతో దాని నిష్పత్తి కుదరాలి.

బయొనెట్ ప్రత్యేకంగా చూడాల్సిన వస్తువు. 1907 నమూనాకు మొదట్లో పిడి దగ్గర కొక్కెంలా ముందుకు వంగిన కమ్మీ ఉండేది. 1913 నుంచి అది లేకుండా చేశారు, పాతవాటికి కూడా చాలావరకు కోసేశారు. రెండో యుద్ధంలో భారతదేశంలో ఆ పొడుగు అలుగును 12 అంగుళాలకు కుదించారు. త్రీ నాట్ త్రీకి పొట్టి బయొనెట్ తగిలించి ఉంటే మొదటి యుద్ధం ఆలోచన వదిలేయొచ్చు.

తూటాల సంచులు, నెత్తిమీది టోపీ కూడా రైఫిల్‌తో కలిపి చదవాలి. మొదటి యుద్ధంలో భారతీయ పదాతి దళాల ఫోటోల్లో ఎక్కువగా తోలు సామాను, ఛాతీకి అడ్డంగా వేసుకునే తోలు పట్టీ కనిపిస్తాయి. 1903 నమూనా పట్టీకి అయిదు అరలు, అరకు పది తూటాలు. అదే కాలంలో బ్రిటిష్ సైనికులకు గుడ్డతో నేసిన 1908 నమూనా సంచులు: ఇటు అయిదు, అటు అయిదు చిన్నవి, ఒక్కోదాంట్లో 15 తూటాలు, మొత్తం 150. ఛాతీ మీద రెండే రెండు పెద్ద సంచులు కనిపిస్తే అది 1937 నమూనా. వాటిని బ్రెన్ అనే తేలికపాటి మెషిన్ గన్ మ్యాగజైన్లు పట్టేలా కుట్టారు. రైఫిల్ చెప్పలేని విషయాన్ని ఈ సంచులు చెప్పేస్తాయి. మార్క్ 3 రైఫిల్ రెండు యుద్ధాల్లోనూ ఉంది, ఆ పెద్ద సంచులు మాత్రం మొదటి యుద్ధంలో లేవు.

ఉక్కు టోపీది ఇంకా పదునైన సాక్ష్యం. బ్రిటిష్ సైన్యానికి అవి 1915 చివర్లో రావడం మొదలై, 1916లో అందరికీ అందాయి. భారత సైన్యపు లాహోర్, మీరట్ డివిజన్ల సిపాయిలు 1914 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఫ్రాన్స్ రేవు మార్సేల్స్‌లో దిగారు. అక్కడే వాళ్ళ రైఫిళ్ళు తీసుకుని, కొత్త తూటాకు సరిపడే రైఫిళ్ళు ఇచ్చారు. ఆ రెండు పదాతి డివిజన్లూ 1915 ఆఖరులోనే ఫ్రాన్స్ వదిలి మెసపటేమియా వెళ్ళిపోయాయి. అందుకని ఫ్రాన్స్‌లోని యుద్ధస్థలం పేరుతో 'నవ్ షాపెల్, 1915' అని రాసిన భారతీయ సిపాయిల ఫోటోలో నెత్తిన ఉక్కు టోపీలు వరసగా ఉంటే, ఆ ఊరో ఆ ఏడాదో రెంట్లో ఒకటి తప్పు. భారతీయ అశ్వదళాలు మాత్రం 1918 మొదటి నెలల దాకా ఫ్రాన్స్‌లో ఉన్నాయి, వాళ్ళ ఫోటోలతో కలిపేయకూడదు.

మెషిన్ గన్లు ఫోటోలో ఉంటే పని సులువు. లావుపాటి గొట్టం, పైన పళ్ళెంలాంటి గుండ్రటి మ్యాగజైన్ ఉంటే లూయిస్ గన్, 47 తూటాలు. ముక్కాలి మీద నీళ్ళ తొడుగుతో ఉండి, పక్కనుంచి గుడ్డ బెల్టు వెళ్తుంటే వికర్స్. దాని తొడుగులో దాదాపు నాలుగు లీటర్ల నీళ్ళు పడతాయి, కింద డబ్బాలోకి రబ్బరు గొట్టం కనిపిస్తుంది. పైనుంచి వంపు తిరిగిన 30 తూటాల మ్యాగజైన్ ఉంటే అందరూ బ్రెన్ అంటారు. ఇక్కడ ఆగాలి. భారత సైన్యం 1930ల్లో తీసుకున్న వికర్స్-బెర్తియే గన్ కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది, ఇషాపూర్‌లోనే చేసేవాళ్ళు, రెండో యుద్ధం తొలి ఏళ్ళలో మనవాళ్ళ చేతుల్లో అది చాలాచోట్ల ఉంది. మార్క్ 1 బ్రెన్‌కు వెనక ఎడమవైపు సైటు తిప్పే గుండ్రటి డ్రమ్ము ఉంటుంది. అది కనిపిస్తే బ్రెన్ అని తేల్చండి. కనిపించకపోతే తేల్చకండి.

ఏ రైఫిల్ అని నిర్ణయించే ముందే చేయాల్సిన పని ఒకటుంది: ఫోటో తిరగబడి అచ్చయిందేమో చూడటం. నెగటివ్‌ను వెనక్కి తిప్పి పెడితే ఎడమ కుడి అవుతుంది. గాజు పలకల రోజుల్లోనూ జరిగింది, ఇప్పుడు ఫోన్లో ఒక్క నొక్కుతో జరుగుతోంది. త్రీ నాట్ త్రీ బోల్టు పిడి ఎప్పుడూ కుడివైపే. ఎడమచేతి వాటం సైనికుడికి కూడా వేరే రైఫిల్ ఇవ్వరు. స్టెన్ అనే పొట్టి మెషిన్ గన్ మ్యాగజైన్ ఎడమకు పొడుచుకొస్తుంది. బ్రెన్ గన్ మ్యాగజైన్ సరిగ్గా పైన ఉండటంతో దాని సైట్లను ఎడమకు జరిపారు. అధికారుల తోలు పట్టీ కుడి భుజం మీదుగా వస్తుంది, పతకాలు ఎడమ రొమ్ము మీద, కోటు గుండీలు మగవాళ్ళకు ఎడమ అంచు పైకి వచ్చేలా. ఇందులో రెండు మూడు ఒకేసారి తిరగబడితే ఫోటోనే తిరగబడిందన్నమాట. ఒక్కటే తేడాగా ఉంటే ఇంకా ఆలోచించాలి.

తర్వాతది, ఫోటోలో జరుగుతున్నది నిజంగా పోరాటమా, ఫోటో కోసం చేయించినదా అన్న ప్రశ్న. 1915లో ఫ్రాన్స్‌లో భారతీయ సైనికులను విస్తారంగా ఫోటోలు తీసిన హిల్టన్ గర్డ్‌వుడ్ కొన్ని దృశ్యాలను యుద్ధరేఖకు దూరంగా చేయించి తీశాడు. రెండో యుద్ధంలోనూ ఈజిప్టులోని ఎల్ అలమైన్ దాడి అని పేరుపడ్డ ఫోటోల్లో వెనక ప్రాంతంలో చేయించినవి ఉన్నాయి. వాటికి విలువ లేదని అనడం అన్యాయం. బట్టలు, ఆయుధాలు, ముఖాలు అసలైనవే. సంఘటన మాత్రం అసలుది కాదు, ఆ మాట కింద రాయాలి, అంతే.

దీన్ని పట్టుకోవడానికి అందరూ చెప్పే గుర్తు కెమెరా ఉన్న చోటు: గుంటలోంచి శత్రువు మీదికి గురిపెట్టిన సైనికుల ముఖాలు ఎదురుగా కనిపిస్తున్నాయంటే, ఫోటోగ్రాఫర్ శత్రువు వైపు నిలబడి తీశాడని. ఇంకా నమ్మకమైన గుర్తు రైఫిల్ మీదే ఉంది. త్రీ నాట్ త్రీ బోల్టు వెనక చివర చిన్న లోహపు ముక్క ఉంటుంది, కాకింగ్ పీస్ అంటారు. బోల్టును ముందుకు తోసి మూసినప్పుడు ఆ ముక్క వెనకే ఆగి, బోల్టుకూ దానికీ మధ్య ఖాళీ కనిపిస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే అది ముందుకు దూకి ఖాళీ మూసుకుపోతుంది. ఒకడు కన్ను చికిలించి గురి చూస్తున్నాడు, వేలు ట్రిగ్గర్ మీద ఉంది, కానీ ఆ ఖాళీ లేదు. అంటే ఆ క్షణంలో ఆ రైఫిల్ పేలే స్థితిలో లేదు. పేల్చిన మరుక్షణమే ఫోటో తీసి ఉండొచ్చు కదా అంటారా, వరసలో పదిమందికీ అలాగే ఉంటే ఆ వాదన నిలవదు. బోల్టు మీద గుడ్డ కవరు బొత్తాలతో బిగించి ఉన్నా, బ్రెన్ గన్‌కు మ్యాగజైన్ లేకపోయినా, అందరి సంచుల బొత్తాలూ పెట్టే ఉన్నా అదే అర్థం. ఈ ఖాళీ కనిపించాలంటే మంచి స్కాన్ కావాలి, వాట్సాప్‌లో నలిగిన కాపీ పనికిరాదు.

మనవాళ్ళే రెండు వైపులా ఉన్న యుద్ధం కాబట్టి ఆజాద్ హింద్ ఫౌజ్ ఫోటోల్లో అయోమయం ఎక్కువ. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయినప్పుడు జపాన్ చేతికి చిక్కిన బ్రిటిష్ ఆయుధాలే ఫౌజ్‌కు ఎక్కువగా అందాయి. అందుకే ఫౌజ్ సైనికుల చేతుల్లో త్రీ నాట్ త్రీ కనపడటం సహజం. 'ఇది బ్రిటిష్ రైఫిల్, కాబట్టి వీళ్ళు బ్రిటిష్ సైన్యం వాళ్ళే' అని తేల్చడం పొరపాటు. భుజం గుర్తులు, టోపీ చూసి నిర్ణయించాలి. తలపాగాలతో ఉన్న భారతీయులు జర్మన్ కోట్లు, మౌజర్ రైఫిళ్ళతో కనిపిస్తే అది జర్మనీలో ఏర్పడిన ఫ్రీ ఇండియా లీజియన్. దూకుతున్న పులి గుర్తు చేతి మీద ఉంటుంది. 1944లో ఫ్రాన్స్ అట్లాంటిక్ తీరంలో తీసిన వీళ్ళ ఫోటోలకు 'ఇంఫాల్' అని రాసి పంచుకుంటున్నారు. ఇంఫాల్‌కూ ఆ తీరానికీ వేల మైళ్ళ దూరం, ఆ మౌజర్ ఒక్కటి గమనించినా ఆ తప్పు జరగదు. జపాన్ సైనికుల చేతుల్లో ఉండేది అరిసాకా: బోల్టు పిడి పక్కకు నిటారుగా, బోల్టు మీద జారే రేకు మూత. టైప్ 38 అయితే 50 అంగుళాలకు పైనే, పొట్టి మనిషికి భుజం దాకా వస్తుంది. టైప్ 99 అంతకంటే పొట్టి.

మన ఏజెన్సీ ఫోటోలకు వేరే జాగ్రత్త కావాలి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి పట్టుకెళ్ళినవి పోలీసు తుపాకులు. పోలీసుకు, సైన్యానికి ఒకే ఆయుధం ఇవ్వకపోవడం ఆనాటి ప్రభుత్వ పద్ధతి. తర్వాతి కాలంలో ఇషాపూర్‌లో త్రీ నాట్ త్రీ ఆకారంలోనే .410 మస్కెట్ అని పోలీసుల కోసం చేశారు. మ్యాగజైన్ స్థానంలో చెక్క దిమ్మ బిగించి, ఒక్కో తూటా చేత్తో పెట్టి కాల్చేలా మార్చారు. దూరం నుంచి తీసిన ఫోటోలో దీన్ని సైనిక రైఫిల్ నుంచి వేరుచేయడం దాదాపు అసాధ్యం. పోలీసు టోపీ, నిక్కరు, పట్టీ బిళ్ళ చూడాలి. మూతి నుంచి మందు కూరే నాటు తుపాకీ, తెలంగాణలో భర్మారు అనేది, ఏ కాలానిదో దాన్ని బట్టి చెప్పనే లేం. వందేళ్ళ క్రితమూ చేశారు, నిన్నా చేశారు.

1971 విషయానికొస్తే విశాఖకు సొంత మమకారం ఉంది. డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఇక్కడే, ఢాకా లొంగుబాటు ఫోటోలో వెనక నిలబడ్డ వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఇక్కడి తూర్పు నౌకాదళ అధిపతి. ఆ యుద్ధం ఫోటోల్లో మన జవాన్ల చేతిలో ప్రధానంగా తనంతట తానే తూటా నింపుకునే రైఫిల్ ఎస్‌ఎల్‌ఆర్: పైన మోసే పిడి, నిటారైన 20 తూటాల మ్యాగజైన్, పొడుగు బ్యారెల్. పాకిస్తాన్ వాళ్ళది జీ3 రైఫిల్: బ్యారెల్ పైన ఇంకో గొట్టం, దాని ఎడమపక్క లాగే పిడి. బంగ్లాదేశ్ విమోచన కోసం పోరాడిన ముక్తివాహిని చేతుల్లో త్రీ నాట్ త్రీ, స్టెన్, ఎస్‌ఎల్‌ఆర్, ఏది దొరికితే అది. 1948 కశ్మీర్ అని చెప్పే ఫోటోలో ఎస్‌ఎల్‌ఆర్ ఉంటే వాదనే అక్కర్లేదు, ఆ రైఫిల్ అప్పటికి పుట్టలేదు.

రంగుల గురించి ఒక మాట. మొదటి యుద్ధం నాటి ప్లేట్లలో చాలావాటికి ఎరుపు అందదు. ఎర్ర తలపాగా నల్లగా వస్తుంది, నీలం తెల్లబడుతుంది. అందువల్ల నలుపు-తెలుపు ఫోటో చూసి రిబ్బను రంగు ఊహించి, దాన్ని బట్టి పతకం పేరు చెప్పడం ప్రమాదం. ఇప్పుడు యాప్‌లు వేసే రంగులు అంతకంటే ప్రమాదం. ఖాకీని ఆకుపచ్చ చేస్తాయి. ఫోటోని 'శుభ్రం' చేసే యాప్‌లు మరీ అన్యాయం చేస్తాయి: ముఖానికి మెరుగు పెడుతూ బోల్టు పిడిని చెక్కలో కలిపేస్తాయి, లేని స్క్రూలు పుట్టిస్తాయి, మూతిని సాగదీస్తాయి. పైన చెప్పిన గుర్తులన్నీ అలాంటి కాపీలో అబద్ధమైపోతాయి. ఎవరైనా మెరుగుపరిచిన కాపీ పంపితే, అసలు ఫోటోని ఫోన్‌తో తీసిందైనా సరే పంపమని అడగండి.

స్కాన్ చేసేటప్పుడు పోస్టుకార్డు సైజుకు 600 డీపీఐ, రెండు మూడు అంగుళాల చిన్న అచ్చుకు 1200 పెట్టండి. నలుపు-తెలుపు ఫోటో అయినా రంగుల్లోనే స్కాన్ చేయాలి. మరకలు పసుపుగా, సిరా నీలంగా విడిగా కనిపిస్తాయి, తర్వాత తీసేయడం తేలిక. ఫైలు టిఫ్‌లో దాచండి, పంచుకోవడానికి వేరే జేపెగ్ చేసుకోండి. స్కానర్ సొంతంగా చేసే షార్పెనింగ్ ఆపేయండి. వెనకవైపు కూడా స్కాన్ చేయాలి. స్టూడియో ముద్ర, సెన్సారు ముద్ర వెలిసిపోయి ఉంటే టార్చిలైటు పక్కనుంచి వాలుగా వేసి ఫోటో తీస్తే అక్షరాల నొక్కు లేచి కనిపిస్తుంది.

విశాఖ గాలికి ఫోటోలు తొందరగా పాడవుతాయి. ఉప్పుతేమ వల్ల వెండి పైకి తేలి నల్లటి భాగాలు అద్దంలా మెరుస్తాయి, బూజు చుక్కలు వస్తాయి. అన్నిటికంటే సాధారణమైనది ఫ్రేము అద్దానికి ఫోటో అతుక్కుపోవడం. దాన్ని పీకొద్దు. పీకితే మొదట ఊడేది బొమ్మ ఉన్న పొరే. అద్దంతో సహా స్కాన్ చేయండి, లేదా కిటికీ వెలుగులో, అద్దంలో ప్రతిబింబం పడని కోణంలో ఫోటో తీయండి. మళ్ళీ ఫ్రేము కట్టించేటప్పుడు అద్దానికీ ఫోటోకీ మధ్య మందపాటి అట్ట అంచు పెట్టించాలి. లామినేషన్ చేయించకూడదు. అంటుకునే ప్లాస్టిక్ పేజీల ఆల్బములు, సెల్లోటేపు వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇళ్ళల్లోకి నీళ్ళు దూరి ఆల్బములు ముద్దయిపోయాయి. తడిసినవాటిని ఆరకముందే, ఒకదానికొకటి అంటుకోకముందే, చల్లటి మంచినీళ్ళలో విడదీసి, బొమ్మ పైకి ఉండేలా గుడ్డ మీద నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే చుట్టుకుపోయి పగుళ్ళిస్తాయి.

బయట దొరికిన ఫోటో అయితే, అసలు ఎక్కడిదో వెతకడానికి నెగటివ్ నంబరు పనికొస్తుంది. లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియం ఫోటోల్లో నంబరు ముందు అక్షరాలుంటాయి: క్యూ అయితే మొదటి యుద్ధం, ఈ అయితే ఉత్తర ఆఫ్రికా, మధ్యప్రాచ్యం, ఎన్‌ఏ అయితే ఇటలీ వైపు, ఎస్‌ఈ అయితే బర్మా వైపు, ఐఎన్‌డీ అయితే భారతదేశంలోని అధికారిక ఫోటోగ్రాఫర్లు తీసింది. మూలలో అలాంటి నంబరు గీకి ఉంటే మిగతా వాదనలన్నీ పక్కనపెట్టి ముందు దాన్ని వెతకండి.

చివరికి ఫోటో కింద ఏం రాయాలి? చూసింది ఒక వరస, విన్నది ఇంకో వరస. 'మార్క్ 3 స్టార్ రైఫిల్, పొట్టి బయొనెట్, 1937 నమూనా సంచులు. రెండో యుద్ధ కాలం లేదా ఆ తర్వాత. స్టూడియోలో తీసింది' అన్నది మీ కంటికి కనిపించింది. 'పెద్దనాన్నగారు, బర్మాలో, 1944' అన్నది ఇంట్లోవాళ్ళు చెప్పింది, చెప్పినవాళ్ళ పేరుతో, చెప్పిన తేదీతో రాయాలి. రెండూ మెత్తటి పెన్సిల్‌తో వేరే కాగితం మీద రాసి ఫోటోతో పాటు కవర్లో పెట్టండి. ఫోటో వెనక రాయక తప్పదనుకుంటే అంచులో, ఒత్తకుండా, బాల్ పెన్ను వాడకుండా. రెంటినీ కలిపి ఒకే వాక్యం చేయకండి.